దిండు కడుపుతో తోసిన తలుపు

ఆ రోజు నా కడుపులో ఉన్నది బిడ్డ కాదు, మా అమ్మ పాత చీరతో గలీబు కుట్టిన దూది దిండు. కొత్త విమానాశ్రయంలో ప్రమాదం జరిగితే జనాన్ని ఎలా బయటికి పంపాలో మా చేత అభ్యాసం చేయిస్తున్నారు. నాకిచ్చిన వేషం నిండు గర్భిణి. సైరన్ మోగగానే అందరికంటే ముందు అత్యవసర ద్వారం చేరి, కడ్డీ మీద రెండు చేతులూ వేసి తోశాను. కదల్లేదు. మళ్లీ తోశాను. ఈలోగా వెనక జనం వచ్చి మీద పడ్డారు. తలుపుకీ నా పక్కటెముకలకీ మధ్య దిండు అప్పడమైపోతుంటే ఇది నాటకం కాదని మొదటిసారి తెలిసింది. నా వెనకున్న స్నేహితురాలు, లాలాగూడ పిల్ల, "ఏందే, యాక్టింగ్ జెర తగ్గించి తలుపు తియ్యి" అంది. తనూ తోసి చూసింది, కదల్లేదు. చివరికి అందరం వెనక్కి తిరిగి, వచ్చిన దారినే తాపీగా బయటికి నడిచాం.

డిగ్రీ అయిన కొత్త. విమానాశ్రయమేమో పక్క రాష్ట్రంలో, ఉద్యోగానికి ఎంపికేమో సికింద్రాబాద్‌లో. విమానాశ్రయం తెరుచుకోక, మాకు ఇక్కడే కార్ఖానా ప్రాంతంలోని ఒక పెళ్లిళ్ల హాల్లో శిక్షణ పెట్టారు. వధూవరుల కుర్చీల ముందు బల్ల వేసి, అదే చెక్-ఇన్ కౌంటర్ అనుకోమన్నారు. (ముహూర్తాలున్న రోజుల్లో మాకు సెలవు.) ఆ అభ్యాసానికి మాత్రం విమానాశ్రయానికే తీసుకెళ్లారు. ఎప్పుడు తెరుస్తారని అడిగితే మా మేనేజరు "వచ్చే నెల పక్కా" అనేవాడు. అందుకని ఆయనకు 'వచ్చే నెల సార్' అని పేరు పెట్టుకున్నాం. మా అమ్మ టీచరు. తొందరపడి ఆదివారం ఆరాధనలో నా ఉద్యోగానికి ముందే కృతజ్ఞతలు చెప్పించేసింది. వాయిదా పడ్డప్పుడల్లా చర్చి మెట్ల మీద ఎవరో ఒక ఆంటీ "మీ అమ్మాయి విమానం ఇంకా లేవలేదా?" అని అడిగేది. అందుకే ఆ ఉద్యోగం నాకు జీతం కంటే అమ్మ పరువు కోసం ఎక్కువ కావాలి.

అభ్యాసం ముగిశాక నేనూ లాలాగూడ పిల్లా బయటినుంచి చుట్టూ తిరిగి వెళ్లి చూశాం. ఆ తలుపుకు ఆనించి, ప్రారంభోత్సవం కోసం అరుగు కట్టి శిలాఫలకం నిలబెట్టారు. ముందు తెర కూడా వేశారు. వాయిదాల ఎండకు తెర రంగు వెలిసిపోయింది, ఫలకం మాత్రం కొత్తగా ఉంది. అప్పటికే దాన్ని ఆవిష్కరించాల్సిన పెద్దమనిషి పదవి పోవడంతో, పేరు మార్చి మళ్లీ చెక్కించారట. తలుపు ఇంత శ్రద్ధకు నోచుకోలేదు.

సాయంత్రం సమావేశంలో వచ్చే నెల సార్ అందరూ అనుకున్న సమయానికే బయటపడ్డారని చప్పట్లు కొట్టించాడు. నేను లేచాను. దిండు తీయడం మరిచిపోయాను. తలుపు తెరుచుకోలేదని, అవతల అరుగు ఉందని చెప్పాను.

"ప్రారంభం కాగానే తీసేస్తామమ్మా. కడుపుతో ఉన్నవాళ్లకి భయాలెక్కువ" అన్నాడు.

హాలంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అదే కోపం.

"కడుపు అబద్ధం సార్. తలుపు నిజం."

మర్నాడే నన్ను ఇంటికి పంపేశారు, వచ్చే నెల పిలుస్తామని. ఆ పిలుపు ఇంకా రాలేదు. అమ్మ తిట్టలేదు. దిండు ఎండలో వేస్తూ, "చెప్పిన కృతజ్ఞతలు వెనక్కి తీసుకోలేం కదే" అంది.

ఆ విమానాశ్రయం ఎట్టకేలకు తెరిచారు. మొన్న మా ఆడపడుచు కొత్తింటి ప్రార్థనకని పిల్లలిద్దరితో అక్కడే దిగాం. వాళ్లకది మొదటి విమానం. వాళ్లు కిటికీలోంచి మబ్బులు చూస్తుంటే, నా మనసు మాత్రం ఒక తలుపు దగ్గర ఉంది. దిగగానే సామాను మా ఆయనకు వదిలి వెతుక్కుంటూ పోయాను. బయట అరుగు తీసేశారు. లోపల తలుపుకు అడ్డంగా కాఫీ కౌంటర్ పెట్టారు. పక్కనున్న సెక్యూరిటీ ఆయన్ని గొంతు తగ్గించి అడిగాను.

"వచ్చే నెల తీసేస్తరంట మేడమ్" అన్నాడు.

ఆయన తప్పేముంది? నేనూ తలూపి వచ్చేశాను. ఆ రాత్రి పిల్లలు నిద్రపోయాక, దిండు కడుపుతో నిండు సభలో లేచి నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. దిండుతో ఉన్న ధైర్యం ఇద్దరు నిజమైన పిల్లల్ని కన్నాక ఎటు పోయిందో.

అందుకే మర్నాడు పొద్దున ఇడ్లీలు పెడుతూ పిల్లలకు చెప్పాను, ఎక్కడికెళ్లినా ముందు బయటికి పోయే తలుపు చూసుకోమని, చూసి ఊరుకోక ఒకసారి తోసి చూడమని.

"తెరుచుకోకపోతే?" అంది చిన్నది.

"గట్టిగా చెప్పండి. నవ్వుతారు. నవ్వనివ్వండి, మీరు మాత్రం కూర్చోకండి."