శుక్రవారం ఆపిన ఆఖరి రీలు

తొంభైల మొదట్లో, చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే సీజన్ నడుస్తుండగా, నన్ను నిజామాబాద్ నుంచి బోధన్‌లోని ఒక టాకీసుకు హెడ్ ఆపరేటర్‌గా పంపారు. హెడ్ ఆపరేటర్ అంటే ప్రొజెక్టర్ గదికి పెద్ద. సర్కారు పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నవాడే ఆ గదిలో మిషన్ ముట్టాలి. అప్పట్లో సినిమా డబ్బాల్లో వచ్చేది, ఒక్కో డబ్బాలో ఒక్కో రీలు. ఇంటికి తొందరపడి సెకండ్ షోలో ఒక రీలు వేయకుండానే మింగేసే ఆపరేటర్లు మా లైన్‌లో లేకపోలేదు. నేను మాత్రం ఎన్నడూ మింగలేదు. ఆ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

గుడ్ ఫ్రైడే వారానికి ఏసు జీవితం మీద తెలుగులోకి డబ్బింగ్ చేసిన సినిమా ఒకటి వచ్చింది. గురువారం పొద్దున చర్చి పెద్దలకు ముందుగా వేసి చూపించాం. పాస్టరు దేవదానం అయ్యగారు ఒళ్లో బైబిలు పెట్టుకొని కూర్చున్నారు. పశువుల పాకలో మరియమ్మ మడత నలగని పట్టుబట్టల్లో ఉంది. పేతురు ఏసును ఎరగనని బొంకినప్పుడు, బైబిల్లో కూసిన కోడి ఇక్కడ కూయనే లేదు. అయ్యగారు నవ్వి ఊరుకున్నారు. సమాధి మూసేది చివరి నుంచి రెండో రీలులో, తెరిచేది ఆఖరి రీలు మొదట్లో. మధ్యలో తెర ఒక్క క్షణం చీకటైందంతే. అక్కడ మాత్రం ఆయన మొహం మారిపోయింది.

“కోడి కూయకుంటే కూయకపాయె,” అన్నారు. “గని మూడో దినం లేసిన దేవుణ్ణి రెప్పపాటుల లేపితే ఎట్ల? రేపు శుక్రవారం. ఆఖరి రీలు ఐతారం ఎయ్యిండ్రి.”

నాకు ఒళ్లు మండింది. సినిమా మధ్యలో ఆపమని నాకు చెప్పడమా! మేనేజర్ ఖాదర్ సాబ్ మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున హాలు ఖాళీయే, చింపిన టికెట్ ముక్క తెచ్చినవాళ్లందరికీ ఆ రీలు చూపిద్దామన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, “లొల్లయి కుర్చీలు ఇరిగినయనుకో, నీ నౌకరీ నాతోని గాదు భాయ్,” అన్నాడు. మాట ఆయనది, మెడ నాది.

శుక్రవారం చర్చిలో ఆరాధన ముగిశాక సాయంత్రం ఆట. హాల్లో సగం చర్చివాళ్లు, మిగతా సగం చెరుకు బండ్లవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు. సమాధికి రాయి అడ్డం పడగానే మిషన్ ఆపి లైట్లు వేశాను. అయ్యగారు తెర ముందుకు వచ్చి, మిగిలింది ఆదివారం చూద్దామని చెప్పారు. చర్చివాళ్లు తల వంచుకొని లేచారు. మిగతావాళ్లు ఈలలు వేశారు, బెంచీలు తన్నారు. “పైసలు వాపస్ ఇయ్యుర్రి!” అని అరిచారు. ఖాదర్ సాబ్ మెట్లెక్కి పరుగున వచ్చి, “ఎయ్యి రీలు, జల్దీ!” అన్నాడు. ఎక్కించాను. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే అయింది. సినిమా పూర్తవుతుంది, నౌకరీ మిగులుతుంది.

స్విచ్ వేయబోతుంటే నేల టికెట్‌లోంచి లచ్చవ్వ లేచింది. మోస్రా దిక్కు వరి పండించే మనిషి. చేతికొచ్చిన కొడుకు ఆ ముందటేడే పోయాడు. ఆ సంగతి ఆ హాల్లో చాలామందికి తెలుసు.

“సావు జూసినం గదరా, మూడొద్దులన్న కానియ్యరా?” అంది. “నా కొడుకు పోతే పిట్ట ముట్టేదాంక కూసోలేదా మీరంత? ఎవల దేవుడైతేంది, సావు సావే. నడువుర్రి, ఐతారం వద్దాం.”

మా వైపు మనిషి పోతే మూడోనాడు అన్నం పెట్టి, పిట్ట, అంటే కాకి, ముట్టేదాకా చూస్తారు. మూడొద్దులంటే అదే. ఈలలు ఆగిపోయాయి. చెరుకు బండ్లవాళ్లు రుమాళ్లు దులుపుకొని, చావింటి నుంచి లేచినట్టే చప్పుడు లేకుండా వెళ్లిపోయారు. నేను రీలు దింపి డబ్బాలో పెట్టాను. ఖాదర్ సాబ్ నా మొహం చూడకుండా కిందికి దిగిపోయాడు.

ఆదివారం పొద్దున గేటు తీసేసరికే జనం. లచ్చవ్వ మోదుగాకు విస్తరిలో అన్నం తెచ్చి టాకీసు ప్రహరీ మీద పెట్టి, దూరంగా నిలబడింది. ఆమెతోపాటు బండ్లవాళ్లూ నిలబడ్డారు. కాకి వచ్చి ముట్టింది. అప్పుడుగానీ ఆమె లోపలికి రాలేదు. అయ్యగారు గేటు దగ్గర నుంచి అంతా చూశారు. పక్కనే ఉన్న నాతో, “బైబిల్ల గిది లేదు. గని తప్పని చెప్పెతందుకు నోరొస్తలేదు,” అన్నారు.

ఆ రోజు రాయి దొర్లినప్పుడు హాల్లో లేచిన కేక నా సర్వీసులో మళ్లీ వినలేదు. కోడి లేని సినిమా, పట్టుబట్టల మరియమ్మ ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు రీళ్లు లేవు, డబ్బాలు లేవు, ఒక్క మీట నొక్కితే మొదటి నుంచి చివరిదాకా అదే నడుస్తుంది. రిటైరయ్యేలోపు బైబిలు సినిమాలు చాలా నడిపాను. తు.చ. తప్పకుండా తీశామని పోస్టర్ వేసుకున్నవీ ఉన్నాయి. కోడి కూసిందా, బట్టలు అప్పటివేనా అన్నది నేను చూడను. పోయినవాడి కోసం ఏడ్చేంత వ్యవధి ఇచ్చారా లేదా అన్నదే చూస్తాను.