దాచిన ఎర్రగీత

2023లో మా పాపకు ఇంకా ఏడాది నిండలేదు. కరీంనగర్‌లో ఇంటి ముందుగదిలోనే పేటెంట్ ఏజెంట్‌గా పనిచేసేదాన్ని. విచారణలు వీడియోలోనే జరిగేవి. మధ్యలో పాప ఏడుస్తుందేమోనని ప్రతిసారీ భయమే.

ఆ రోజు కేసు నా క్లయింట్ రాజిరెడ్డిది; అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకు ఊళ్లో ఆటసామాన్ల దుకాణం, గోల్ఫ్ అంటే పిచ్చి. బంతిని చివరగా గుంతలోకి నెట్టే కర్రను పుట్టర్ అంటారు. గురి కోసం దాని మీద తెల్లగీత ఉంటుంది. ఈయన ఆ గీత కింద, లోతుగా, ఎర్రగీత పెట్టారు. కన్ను బంతికి సరిగ్గా పైన ఉంటే తెల్లగీత ఎర్రదాన్ని కప్పేస్తుంది. ఆటగాడు పక్కకు వాలితేనే ఎరుపు కనిపిస్తుంది.

పేటెంట్ ఆఫీసు అభ్యంతరం ఆబ్వియస్‌నెస్. అంటే, గీత ఉన్న పాత పుట్టర్‌నూ, రెండు గుర్తులు కలిపి గురిచూసే మరో పాత పద్ధతినీ జోడిస్తే, ఆ రంగం తెలిసినవాడెవడికైనా ఇది తట్టేదేనని. పేటెంట్ వస్తేనే తయారుచేస్తామని పంజాబ్ కంపెనీ ఒకటి ఆయనకు చెప్పింది. రాకపోతే ఇన్నేళ్ల శ్రమా పోయినట్టే.

"గా రంగం తెలిసినోడు ఎవడు చెల్లె? నంబరియ్యి, నేను మాట్లాడ్త."

"అట్లాంటోడు ఉండడన్నా. చట్టం ఊహించుకున్న మనిషి."

"లేనోడు నన్ను ఓడగొడ్తడా?"

విచారణలో నా వాదన విన్నాక, తెలుగాయనే అయిన అధికారి, నా పక్కన కూర్చున్న రాజిరెడ్డి అన్ననే నేరుగా అడిగారు: "ఈ ఆలోచన మీకెలా వచ్చింది?"

అప్పటిదాకా ఇలాంటిది లోకంలోనే లేదన్న మనిషి చేతులు జోడించారు. "ఏముంది సార్, చిన్న ముచ్చట. జర మనసుపెడితె ఎవలికైనా తడ్తది."

 పెద్దవాళ్ల ముందు గొప్పలు చెప్పుకోకూడదన్న మర్యాద అది. కానీ అభ్యంతరంలో ఉన్న మాటే మా నోటితో ఒప్పుకున్నట్టయింది. అధికారి రాసుకుంటున్నారు. పాప లేస్తుందేమోనన్న సంగతి కూడా మరిచిపోయి గట్టిగా అడిగాను: "అన్నా, మొదటి పుట్టరే ఇట్ల చేసిన్రా?"

"లేదు చెల్లె! ముందుగాల రెండు గీతలు తెల్లగనే పెట్టిన. ఆడెటోళ్లు బంతిని ఇడ్సిపెట్టి గీతలనే సూస్కుంట నిలవడ్డరు. ఇంక పెద్దగ చేసిన, ఇంక ఖరాబైంది. కనవడుడే తప్పనిపిచ్చింది. గప్పుడు దాచిన."

అధికారి పెన్ను ఆగింది. నేను ఆ మాటే పట్టుకున్నాను. అభ్యంతరంలో చూపిన పాత పుట్టర్, పాత పద్ధతి పత్రాలు రెండూ గుర్తును ఇంకా బాగా కనిపించేలా చేయమంటున్నాయి. వాటిని కలిపితే వచ్చేది ఈయన పారేసిన పుట్టరే తప్ప, ఈ పుట్టర్ కాదు.

తర్వాత అదే రాసి పంపాం. పేటెంట్ వచ్చింది, అయితే గీత దాగే ఏర్పాటు వరకే. రెండు గీతల పుట్టర్లన్నిటి మీదా మేమడిగిన హక్కు వదులుకోవాల్సి వచ్చింది. "సగమే ఇచ్చిన్రా?" అని అన్న కొంచెం చిన్నబుచ్చుకున్నా, పంజాబ్ కంపెనీకి అది చాలింది.

చేసి చూపించాక ఏదైనా సులువుగానే అనిపిస్తుంది, చేసినవాళ్లకు కూడా. అందుకే క్లయింట్లను ఆలోచన ఎలా వచ్చిందని ఇప్పుడు ముందుగా అడగను. ఏమేం చేసి పారేశారో అడుగుతాను.