నంబరేసిన వేరు

రైలు సీట్ల మీద కూడా గనుల ఎర్రదుమ్ము పేరుకునే రోజులవి. రొమ్ములో గడ్డతో ఉన్న అమ్మను కిరండూల్ నుంచి విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. అమ్మేమో నాటువైద్యుడిచ్చిన వేరు కొంగున కట్టుకుని, వెనక్కి పోదామని ఒకటే గొడవ. ఎదురుగా కూర్చున్నామె కాన్సర్ మందు కోసం పరీక్షించడానికి అడవి మొక్కలు తీసుకెళ్తోంది.

"అదేం వేరమ్మా?" అందామె.

"పేరు చెప్తే మందు పనిచెయ్యదు బిడ్డా," అంది అమ్మ.

ఆమె నవ్వి తన సంచులు చూపించింది. వాటి మీద అంకెలే ఉన్నాయి. "ముందే ఒక అభిప్రాయం పడకుండా, పరీక్ష చేసేవాళ్ళకి మేమూ పేర్లు చెప్పమమ్మా. కానీ ఏది పనిచేస్తుందో తేలడానికి ఏళ్ళు పడుతుంది. గడ్డ అంతవరకూ ఆగదు."

అమ్మ కొంగు ముడి విప్పి, వేరు ఆమె చేతిలో పెట్టింది. "దీనికీ ఒక నంబరెయ్యి. అది తేలేలోపు నేను దవాఖానకు పోయొస్తా."

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇన్నేళ్ళయినా, ఇప్పపూలు ఏరుతూ అమ్మ అడుగుతూనే ఉంటుంది: "ఏందిరా, ఆ పిల్ల ఇంకా తేల్చలేదా?"