బంగాళాఖాతంలో బోరు

ఆ రోజుల్లో మా ధర్మవరంలో సముద్రమంటే టీవీ వార్తల్లో వచ్చే అల్పపీడనం, అంతే. బంగాళాఖాతంలో అది పుట్టిందని చెప్పగానే మా నాయన పట్టుచీరల అంగట్లో బేరాన్ని కూడా మధ్యలో వదిలేసి టీవీ ముందు కూర్చునేవాడు. అదేమో నెల్లూరు మీదుగానో ఒంగోలు మీదుగానో పోయి అక్కడే కురిసి, మా దాకా వచ్చేసరికి నాలుగు తెల్లమబ్బులుగా మిగిలేది. "చూసినావా, మళ్లా వాళ్లకే పాయె" అని నాయన టీవీ కట్టేసేవాడు. సముద్రం మా ఇంట్లో మాట తప్పిన చుట్టంలాంటిది. దాన్ని తిట్టుకోవడమే తప్ప దాని ముఖం చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. అలాంటి ఇంట్లో పుట్టి, భూగర్భశాస్త్రం చదివి, తీరాన ఉన్న ఒక సముద్ర పరిశోధన సంస్థలో నేను ఉద్యోగం తెచ్చుకున్నాను. (రాళ్ల చదువు చదివితే మా జిల్లాలోనే ఏ గనిలోనో పని దొరుకుతుందని ఇంట్లో వాళ్ల ఆశ. నిజం చెప్పాలంటే నా ఆశ కూడా అంతకు మించినది కాదు. ఉద్యోగం ప్రకటన చూసి ఊరికే దరఖాస్తు పెట్టాను, వాళ్లు పొరపాటున రమ్మన్నారు అనుకున్నాను చాలా రోజులు.)

"ఏం పనిమ్మా ఆడ?" అని అడిగాడు నాయన. సముద్రం అడుగున ఉండే మన్ను తీసి చూడాలని చెప్పాను. ఆయన "మన్ను కోసరం అంత దూరం పోవల్నా? ఈడ మనకు కరువు నీళ్లకు గానీ మన్నుకు కాదు గదా" అన్నాడు. అప్పుడు నేను కొత్తగా నేర్చుకున్న పాఠమంతా ఆయనకు అప్పజెప్పాను. "మన చిత్రావతి పోయి పెన్నలో కలుస్తాది నాయనా. పెన్న నెల్లూరు దాటి సముద్రంలో పడతాది. వరదలో కొట్టుకపోయిన మన మన్ను కూడా ఆడికే చేరతాది. ఏరు ఆడ ఆగిపోతాది గానీ మన్ను ఆగదు. సముద్రంలో గూడా ఏర్ల మాదిరి ప్రవాహాలుంటాయి. తీరం వెంబడి కొన్నాళ్లు ఉత్తరానికి, కొన్నాళ్లు దక్షిణానికి పారతాయి. బరువైన ఇసుకను ఒడ్డు దగ్గరే వదిలేసి సన్నని ఒండ్రును లోపలికి మోసుకపోతాయి. కొంతదూరం పోతే నేల ఒక్కసారిగా వాలిపోయి సముద్రం లోతవుతాది, అదే మన ఖండానికి అంచు. ఆ వాలు వెంబడి అడుగున ఇంకో ప్రవాహం నడుస్తాంటాది. దాని జోరు తగ్గిన చోటల్లా ఒండ్రు పొర మీద పొర పడి గుట్టవుతాది. ఆ గుట్టలోకి పైపు దింపి మన్ను తీస్తే ఏ కాలంలో వరదలు వచ్చినాయో, ప్రవాహం ఎట్లా మారిందో తెలుస్తాది." ఇంత చెబితే ఆయన చెవిన పడింది పైపు అనే మాట ఒక్కటే. "అంటే బోరు" అన్నాడు. "బోరే అనుకో" అన్నాను, అలసిపోయి.

మర్నాటికి అంగట్లో వార్త సిద్ధమైంది. "మా పాప సముద్రంలో బోరు ఏస్తాంది." మా జిల్లాలో ఆ మాటకు రెండో ప్రశ్న ఒకటే ఉంటుంది. చీరలు కొనడానికి సోమందేపల్లె నుంచి వచ్చిన ఒకాయన ఎంతో శ్రద్ధగా అడిగాడట, "నీళ్లు పడినాయా అన్నా?"

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది పెద్దసార్. కాకినాడ వైపు మనిషి, మా బృందానికి నాయకుడు, మాట తక్కువ. సముద్రమే చూడని పిల్లను ఓడ ఎక్కిస్తే మధ్యలో దించడానికి బస్టాండు కూడా ఉండదని మిగతావాళ్లు ఆయనతో అన్నారని నాకు తర్వాత తెలిసింది. తెలియకముందే నేను వాళ్ల ముందు గొప్పలు పోయాను. "మడకశిర రోడ్డులో బస్సు వెనక సీట్లో కూర్చున్నదాన్ని సార్, నాకు ఓడ ఒక లెక్కా" అన్నాను. ఓడ రేవు దాటి నిజమైన అలల్లోకి అడుగుపెట్టిన తర్వాత, ఆ సాయంత్రమంతా ఒక ప్లాస్టిక్ బకెట్‌ను కన్నబిడ్డలా ఒళ్లో పెట్టుకుని గడిపాను. నాతోపాటు గదిలో ఉన్న విశాఖపట్నం అక్క, నాకంటే ముందు చేరిన పరిశోధకురాలు, తలుపు దగ్గర నిలబడి, "ఏమే, బస్సు ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది. జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు. చివరికి నన్ను మళ్లీ మనిషిని చేసింది అమ్మ కట్టిచ్చిన బొరుగుల మూట. (మీ మరమరాలే మా బొరుగులు. ఓడలో అన్నం పెట్టరని అమ్మ నమ్మకం. దిండంత మూట ఇచ్చింది.) పొట్టలో నిలిచిన మొదటి తిండి అదే. నేను లేచి తిరిగేసరికి ఆ మూట మీద విశాఖపట్నం అక్కకు కూడా హక్కు వచ్చేసింది.

అసలు పని రోజు వచ్చింది. మేం దింపే పైపు పొడవాటి ఇనుప గొట్టం, తలమీద పెద్ద బరువు, మూతి దగ్గర లోపలికి పోయిన మన్ను జారిపోకుండా పట్టే రేకులు. దాన్ని ఉక్కు తాడుకు కట్టి వదిలితే తన బరువుతో తానే అడుగు మన్నులో దిగుతుంది. ధ్వనితరంగాలు పంపి అడుగును చూపించే తెర మీద మాకు కావలసిన గుట్ట కనిపించింది. నా ప్రాజెక్టు అంతా ఆ గుట్ట మీదే ఉంది. మన్ను దొరికితే నాకు పని ఉంటుంది, దొరక్కపోతే కళ్యాణదుర్గం గనుల వైపు చూసుకోవాలి. పైపు దిగింది, చాలాసేపటికి పైకి వచ్చింది. మూతి వంకర తిరిగి ఉంది, లోపల గుప్పెడు ముతక ఇసుక. డెక్కు మీద అందరి ముఖాలూ వాడిపోయాయి. వాతావరణం చెడుతోంది, ఇంకొక్కసారికే సమయముందని కెప్టెన్ దగ్గర్నుంచి కబురు. అప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటి: అందరిలోనూ దిగులు పడనిదాన్ని నేనొక్కదాన్నే. ఎండిన బోరు చుట్టూ మనుషులు మౌనంగా నిలబడటం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ తర్వాత ఏం చేస్తారో కూడా చూశాను. ఇంకో చోటు చూస్తారు.

తెర ముందు పెద్దసార్ ఒక్కరే కూర్చుని ఉన్నారు. వెళ్లి పక్కన నిలబడ్డాను. దిగులు లేదు గానీ ఆయనకు చెప్పాలంటే భయం. భయం వేసినప్పుడు నా నోట్లోంచి పుస్తకాల తెలుగు పోయి మా ఊరి తెలుగు వస్తుంది. "సార్, మా అవ్వోళ్ల ఊరు హగరి పక్కన. ఆడ ఏట్లో ఇసుక గాలికి లేచి చేన్లలోకి వస్తాది. గాలి నేరుగా కొట్టే పక్క నేలంతా గీకేసినట్టు గట్టిగుంటాది. ఏదన్నా అడ్డమొచ్చి గాలి జోరు తగ్గిన పక్క కుప్ప పడతాది. మనం జోరున్న పక్క దింపినాం సార్. ఆ ఒండ్రంతా ప్రవాహం ఊడ్చేసి ముతక ఇసుకనే వదిలినట్టుంది. అవతలి పక్క చూడండి, గీతలు సన్నంగా ఒకదాని మీద ఒకటి పరిచినట్టున్నాయి."

ఆయన తెర మీంచి కళ్లు తీయకుండా, "అది గాలమ్మా. ఇది నీళ్లు" అన్నారు.

"రెండూ మోసేటివే గదా సార్. అలసిపోయిన చోట దించేస్తాయి."

(ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. ఇదంతా నాకు నేర్పింది ఆయనే. ముందు దింపిన చోటు కూడా అలల తోపుకు ఓడ కాస్త పక్కకు జరిగినందువల్ల తప్పింది.) ఆయన కాసేపు ఆ గీతల్ని చూసి, వంకర పోయిన మూతి మార్చమని డెక్కుకు చెప్పి, నా వైపు తిరిగారు. "సరే. ఎక్కడ దింపాలో నువ్వే చూపించు." నా జీవితంలో నేను వేలు పెట్టి చూపించిన మొదటి చోటు సముద్రం అడుగున ఉంది. తెర మీది గీతలు అంత సన్నవి కాబట్టి, నేను చూపించింది ఏ గీతనో ఆయన రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

పైపు రెండోసారి పైకి వస్తుంటే నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నీటి మట్టం దాటగానే గొట్టం వెలుపల సగానికి పైగా బూడిదరంగు బురద పూసి ఉంది. అంటే అంతవరకు దిగింది. విశాఖపట్నం అక్క నా వీపు మీద చరిచిన దెబ్బకు రెండు రోజులు నొప్పి పుట్టింది. ఇనుప గొట్టం లోపల మన్నును పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టాన్ని బయటికి లాగుతుంటే నన్ను ఎవరూ పిలవకపోయినా దూరి పట్టుకున్నాను. మోచేతుల దాకా బురద, ముఖం మీద బురద, జడలో బురద. భోజనాల గది వంటాయన గుమ్మంలోనే ఆపేసి, కడుక్కుని వస్తే తప్ప పెట్టనన్నాడు. కడుక్కోబుద్ధి కాలేదు. ఆ పూట బయటే నిలబడి, అక్క అందించిన అరటిపండు తిన్నాను.

రేవుకు చేరి ఫోన్ చేస్తే నాయన మొదట అడిగింది, "నీళ్లు పడినాయా?" ఆయన తమాషాకు అన్నాడో నిజంగానే అడిగాడో ఇప్పటికీ తెలియదు. "నీళ్లు ముందే ఉన్నాయి నాయనా, మన్ను పడింది" అన్నాను. అటువైపు ఆయన రిసీవరు పక్కకు పెట్టి అంగట్లో వాళ్లకు, "పడిందంట" అని చెప్పడం వినిపించింది.

కొన్ని నెలల తర్వాత ఆయన మా ప్రయోగశాలకు వచ్చాడు, ఇస్త్రీ చేసిన తెల్లపంచె కట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు. నిలువునా చీల్చిన మన్ను గొట్టాన్ని బల్ల మీద పెట్టి చూపించాను. అంచున తీసి పక్కన పెట్టిన ముక్కను ముట్టుకోవచ్చా అని పెద్దసార్‌ను అడిగి, బొటనవేలు చూపుడువేలి మధ్య రుద్దాడు. నూలు పోగును చూసినా, జరీని చూసినా ఆయన చూసే పద్ధతి అదే. "సన్నంగా ఉండాదే. పట్టు మాదిరి" అన్నాడు. ఒకచోట పొర మందంగా, కొంచెం ముదురుగా ఉంది. అదేమిటని అడిగాడు. ఏదో పెద్ద వరదల కాలంలో ఏర్లు ఎక్కువ ఒండ్రు తెచ్చి పోసి ఉంటాయని, అందులో మన పక్క మన్ను కూడా కొంత ఉండొచ్చని, అది ఇంకా తేలాల్సి ఉందని చెప్పాను. ఆయన ఆ పొర మీదికి వంగి, ముట్టుకోకుండా గాల్లోనే వేళ్లతో దాని మందం కొలిచాడు. తర్వాత, "మన పక్క గూడా ఇంత వాన పడినాదన్న మాట, యానాడో" అన్నాడు. పెద్దసార్ ఆయనకు కుర్చీ వేసి, "ఈ గొట్టం ఎక్కడ దింపాలో చూపించింది మీ అమ్మాయేనండి" అన్నారు. నాయన కూర్చోలేదు. పంచె సర్దుకుని ఇంకొంచెం నిటారుగా నిలబడ్డాడు.

ఇప్పుడు నన్నే పెద్దమేడమ్ అంటున్నారు. ఓడ ఎక్కితే మాత్ర వేసుకుంటాను, తెల్ల హెల్మెట్ పెట్టుకుని దూరంగా నిలబడి చెబుతాను, పైపు పట్టుకునేవాళ్లు వేరే ఉన్నారు. మొన్న విశాఖపట్నం అక్క ఆ రోజు తీసిన ఫొటో పంపింది. చేతిలో సగం తిన్న అరటిపండు, కనుబొమల దాకా బురద, సముద్రాన్ని తానే తవ్వినంత గర్వంగా పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న పిల్ల. చూస్తే నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎన్నో గొట్టాల మన్ను తీయించాను. ఆ పిల్లకు అంటినంత బురద మాత్రం నాకు మళ్లీ అంటలేదు.