స్వప్న ఎదురుచూసిన గేమ్

నిన్న ఫోన్‌లో కొత్త గేమ్ ట్రైలర్ చూస్తుంటే స్వప్న గుర్తొచ్చింది.

మట్టెవాడలో మా పక్కింటి స్వప్నకు కంప్యూటర్ ఉండేది. తను ఆడుతుంటే నేను పక్కన స్టూల్ మీద కూర్చుని చూడాలి. మౌస్ ముట్టనిచ్చేది కాదు. ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు, "కొత్త తుపాకుల గేమ్ వస్తాందే! వేరే గ్రహం మీద ఎటు పోవాల్నంటే అటు పోవచ్చు," అంది. ఇక రోజూ అదే మాట. నాకు కడుపు మండిపోయేది. ఆదివారం చర్చిలో మోకరించి, ఆ గేమ్ రాకూడదని ప్రార్థించాను.

వారం తిరక్కముందే గేమ్ వాయిదా పడింది. స్వప్న ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. నా ప్రార్థన వల్లే అనుకున్నాను.

"ఏడ్వకే, వస్తది తియ్," అన్నాను.

"అది వచ్చినంక ముందు నిన్నే ఆడనిద్దామనుకున్ననే," అంది.

గేములు ఎవరూ ప్రార్థించకపోయినా వాయిదా పడతాయని ఇప్పుడు తెలుసు. అయినా ఆ ఆదివారం సంగతి స్వప్నకు ఇంతవరకు చెప్పలేకపోయాను.