యుయెచెన్ అక్క పట్టు అంగీ

చైనాలోని మా లూయాంగ్ ఊళ్ళో ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తిన్నవాళ్ళందరికీ యుయెచెన్ అక్క తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అక్కడి పొయ్యి ముందే గడిపింది. చిన్నప్పుడు నాట్యం నేర్చుకోవాలని ఎంతో ఆశపడిందట. ఆ రోజుల్లో సర్కారు వాళ్ళు అలాంటివన్నీ పాత చెత్త అని తీసిపారేశారు. ఇప్పుడేమో ఊరంతా ఆ చెత్తనే నెత్తిన పెట్టుకుంటోంది. కాలనీ ఆడవాళ్ళం పాతకాలం నాట్యం మొదలుపెడితే, అందరికంటే ముందు వచ్చి నిలబడింది అక్కే.

చిక్కంతా ఆ నాట్యానికి వేసుకునే పట్టు అంగీతో వచ్చింది. దాని చేతులు వేళ్ళు దాటి మోకాళ్ళ దాకా వేలాడతాయి. మణికట్టు విసిరితే పట్టు గాలిలో సాగి, మెల్లగా వాలాలి. అక్క చక్కగా విసిరేది. వాలగానే మాత్రం, తనకే తెలియకుండా, అంట్లు తోమడానికి సిద్ధమైనట్టు అంగీ చేతులు పైకి మడిచేసేది. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

మా టీచర్ శిన్, మనవరాలి వయసు పిల్ల, నవ్వలేదు. "అమ్మమ్మా, ఇది రాణీవాసం నాట్యం. మీరు జన్మలో పనన్నదే ఎరగనట్టు కనిపించాలి" అంది.

"అలాంటి మనుషుల్ని నేనెక్కడ చూశాను తల్లీ?"

మా ఊరి పియొనీ పూల పండుగ లోపు ఆ అలవాటు మానకపోతే వేదిక ఎక్కనివ్వనని తేల్చి చెప్పింది శిన్. అక్క ముఖం చిన్నబోయింది. ఇంట్లో కూడా ఆ అంగీతోనే తిరిగింది. ఆమె మొగుడు తాన్, కూర్చున్న చోటికే టీ రావాలనే మనిషి, సూప్‌లో పట్టు తేలుతోందని వీధంతా చెప్పి నవ్వాడు. ఆయన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మంట.

ఒక పొద్దున అక్క నా దగ్గరికి పరుగున వచ్చింది. "దొరికాడే, పని ఎరగని మనిషి. మా ఇంట్లోనే ఉన్నాడు" అంది. ఆనాటి నుంచి తాన్ ఎలా కూర్చుంటాడు, ఎలా చెయ్యి చాపుతాడు అని కన్నార్పకుండా చూసింది. ఆయనేమో భార్యకు కొత్తగా ప్రేమ పుట్టుకొచ్చిందని మురిసిపోయాడు.

పండుగ నాడు అక్క వెనక వరుసలో నేనున్నాను. పట్టు ఎగిరింది, సాగింది, వాలింది. అక్క వేళ్ళు కదిలాయి. ఇక మడిచేస్తుందనుకున్నాను. అంతలో ఆమె తల కాస్త పక్కకు వాల్చి, ఎవరో టీ తెచ్చి అందిస్తారన్నట్టు అలాగే నిలబడింది. శిన్ కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

సాయంత్రం వాళ్ళింట్లో అందరం తిన్నాం. బల్ల మీద ఎంగిలి గిన్నెలు పేరుకున్నాయి. వేదిక మీద అలా నిలబడటం ఎవర్ని చూసి నేర్చుకున్నావని తాన్ అడిగాడు.

"నిన్నే చూసి" అంది అక్క, కుర్చీలోంచి కదలకుండా.

తాన్ మా అందరి ముఖాలూ చూశాడు. తర్వాత లేచి, చొక్కా చేతులు మడుచుకోబోయాడు. పాపం, మడవడం కూడా రాలేదు.