జొన్నరొట్టెలో ఊడిన పన్ను

మా సోషల్ సారు పోయారని భూపాలపల్లి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. చివరి రోజుల్లో సారు అక్కడి గని క్వార్టర్స్‌లో కొడుకు దగ్గరే ఉన్నారు. నేను చేరేసరికి దహనం అయిపోయింది. నా సంచిలో ఒక అగ్గిపెట్టె ఉంది, అందులో సారు పన్ను ఉంది. దాన్ని ఏం చేయాలో తోచక గుమ్మంలోనే నిలబడిపోయాను.

సారుది బచ్చన్నపేట, భూములున్న ఇల్లు. ఉద్యోగం కొత్తగూడలో, మా లంబాడీ తండా పక్కనున్న బడిలో. బోర్డు మీద ప్రపంచపటం వేసి, మనుషులు నడిచొచ్చిన దారిని ఆఫ్రికా నుంచి గీసుకుంటూ వచ్చి మా బడి దగ్గర సుద్దముక్క ఆపేవారు. ఇగ కూసోండ్రి, అలిసిపోయిన్రు అనేవారు. మేం నవ్వేవాళ్లం గానీ, అంతదూరం ఎవరు నడిచారో, ఎందుకు నడిచారో నాకు ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు.

తెలంగాణ కొట్లాట రోజుల్లో రోడ్డు మీద వంటావార్పు పెట్టాం, సారు కూడా వచ్చారు. నేనప్పుడు డిగ్రీ. మా అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే ఒకాయన నవ్వుతూనే, మీరు కూడా ఎక్కడినుంచో ఎడ్లమీద సామాను వేసుకుని వచ్చినోళ్లే కదా అన్నాడు. అమ్మ చెయ్యి ఆగిపోయింది. మరి మేం ఈ నేలవాళ్లమా, కాదా?

అప్పుడే రొట్టె కొరికిన సారుకి, ఎన్నాళ్లుగానో కదులుతున్న పన్ను ఊడి చేతిలో పడింది. దాన్ని కడిగి, ఆ మాటన్నాయన ముందు పెట్టారు.

"యాడికెల్లి వచ్చినమో దీన్నడుగు. మనమంత వచ్చినోళ్లమే."

మన పూర్వీకులు ఎక్కడివాళ్లో చెప్పే డీఎన్ఏ పాత ఎముకల్లో, పళ్లల్లో వేల ఏళ్లు దాగి ఉంటుందని, మన ఎండలకు నిలవడమే కష్టమని చెప్పుకొచ్చారు. తర్వాతి ఏళ్లలో పేపర్లో ఏం వచ్చినా నాకు ఫోన్ చేసేవారు. మొదట ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, తర్వాత ఇరాన్ వైపు జనానికి చుట్టాలు, ఆ తర్వాత మధ్య ఆసియా గడ్డిమైదానాల పశులకాపరులు, అందరూ దాదాపు మనందరిలో కలిసిపోయారట.

అందరం వచ్చినవాళ్లమే అయితే దేనికి కొట్లాడుతున్నాం సార్, అని వంటావార్పు రోజే అడిగాను.

"వచ్చుడు తప్పుగాదు బిడ్డా. మన నీళ్లు మనకు రానియ్యకపోవుడు తప్పు."

సరేననిపించింది. ఇంటికెళ్లాక, మరి 'మన' అంటే ఎవరని మళ్లీ పరేషాన్. ఇంకోసారి అదీ అడిగేశాను. గది నాకు గూడ సమజ్ గాలే అన్నారు. తెలియదని ఒప్పుకున్న సారు నాకు ఆయనొక్కరే. అందుకే ఆయనంటే అంత ప్రేమ.

ఊడిన రోజే ఆ పన్ను నాకిచ్చారు. నన్నెట్లాగూ కాలబెడ్తరు, బూడిద ఏం చెప్తది, జర దాచిపెట్టు అన్నారు.

గుమ్మంలో కొడుకుకి అగ్గిపెట్టె చూపించాను. గోదావరిలో కలపడానికి అస్థికలు మూటగట్టి ఉన్నాయి. ఇదీ అందులో వేయాలో వద్దో ఆయనకూ తెలియలేదు. పెట్టె మూసి తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

"బాపు నీకిచ్చిండు గద చెల్లె. నీ కాడనే ఉండని."

తండాలో మా చేను గట్టున నేనూ అమ్మా గుంట తీసి పన్నును పెట్టాం. ఎప్పుడో ఎవరో తవ్వి, ఈ బచ్చన్నపేట మనిషి ఇక్కడికెట్లా వచ్చాడని తల పట్టుకుంటారేమో. రొట్టె కోసం వచ్చాడని ఆ పన్ను చెబుతుందో లేదో నాకు తెలియదు. అమ్మ మాత్రం గుంట మీద మట్టిని అరచేత్తో చరిచింది, రొట్టెను చరిచినట్టే.